ముక్క తర్వాతే ముద్ద

అనంతపురం జిల్లాలో సముద్రం లేదు గానీ, సముద్రాలకు మాత్రం కొదవ లేదు. పాతకాలంలో చెరువు తవ్వించిన ప్రతివాడూ దానికి సముద్రమని పేరు పెట్టి చక్కా పోయాడు. పేర్లు మిగిలాయి, నీళ్లు మాత్రం వాటికి బుద్ధి పుట్టినప్పుడు వస్తాయి. అలాంటి జిల్లాలో, గుమ్మఘట్ట అవతల డ్యాము ఒడ్డున, లక్ష్మక్క తన రేకుల షెడ్డుకు ‘సముద్రం చేపల హోటల్’ అని బోర్డు కట్టుకుంటే ఎవరూ తప్పు పట్టలేదు. తప్పు పట్టకపోగా నాలుగు రోజుల్లోనే దానికి ఇంకో పేరు కూడా పెట్టారు. ముల్లు హోటల్ అని. ఆ పేరు తెచ్చిపెట్టిన మహానుభావుడు ఆమె సొంత అన్న పుల్లన్న. ఈ కథ ఆయనదే.

పుల్లన్న గొర్రెల కాపరి. వయసు అరవై దాటింది. భుజాన కంబళి, చేతిలో కట్టె, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక ఎకసెక్కం. అయితే చుట్టుపక్కల ఊర్లలో ఆయనకు పేరొచ్చింది గొర్రెల వల్ల కాదు, గొంతు వల్ల.

రాగిసంగటిని నమలకూడదని ఇక్కడ అందరికీ తెలుసు. నమిలితే పళ్లకు పట్టుకుంటుంది, పక్కనున్న పెద్దవాళ్లు నవ్వుతారు. వేడి ముద్దలోంచి ఒక ఉండ తుంచాలి, బొటనవేలితో గుంట చెయ్యాలి, పులుసులో ముంచాలి, నోట్లో వేసుకుని మింగాలి. అంతే. ఈ విద్యలో పుల్లన్నను మించినవాడు లేడు. అందరూ నిమ్మకాయంత ఉండ మింగితే ఆయన కోడిగుడ్డును మించిన ఉండను కళ్లు కూడా ఆర్పకుండా దించేవాడు. మాంసమైనా అంతే. బొమిక పక్కన పెట్టి, కండను ఉండలో దోపి లోపలికి పంపేవాడు. పెళ్లి పంక్తుల్లో కుర్రవాళ్లు ఆయన ఎదురుగా కూర్చునేవాళ్లు, చూడ్డానికి.

“నీకు పండ్లు ఏంటికి పుల్లన్నా?” అని అడిగేవాళ్లు.

“నవ్వేదానికి” అనేవాడు, అన్ని పళ్లూ చూపించి.

ఆయనకున్న ఒక్కగానొక్క చెల్లెలు లక్ష్మక్క. పెళ్లయిన కొన్నేళ్లకే వానలు మొహం చాటేస్తే, మొగుడితో పాటు మంగళూరికి ఇళ్లు కట్టే బేల్దారి పనికి పోయింది. అక్కడే మొగుడు జబ్బు చేసి పోయాడు. పిల్లలు లేరు. సముద్రం ఒడ్డున ఒక చేపల హోటల్లో గిన్నెలు తోమడానికి చేరి, తోముతూ తోముతూ పొయ్యి దగ్గరికి జరిగి, చివరికి ఆ వంటంతా తన చేతిలోకి తెచ్చుకుంది. పుల్లన్నకు మాత్రం చెల్లెలంటే ఫోనులో వినిపించే గొంతు, అంతే. సిగ్నలు దొరికే మిట్ట ఎక్కి, గొర్రెలను ఒక కంట చూసుకుంటూ, ఎప్పుడూ ఒకటే అడిగేవాడు. “తింటివా లక్ష్మీ?” ఆమె తిన్నానని చెప్పేది. ఆ తర్వాత ఇద్దరికీ మాటలు దొరికేవి కావు. ఫోను పెట్టేశాక ఆయనకు ఆ పూటంతా దిగులుగా ఉండేది.

ఒక ఏడాది, ఎగువన ఎక్కడో కర్ణాటకలో వానలు దంచి కొట్టాయి. హగరి నది పొర్లి వచ్చి, ఎన్నో ఏళ్లుగా నెర్రెలిచ్చి పడున్న డ్యాము నిండింది. పుల్లన్న ఆ రోజు కట్ట మీదికెక్కి ఫోను చేసి, ఏమీ మాట్లాడకుండా దాన్ని నీళ్లవైపు తిప్పి పట్టుకున్నాడు. గాలికి అలలు రాళ్లను కొడుతున్నాయి.

“ఏమన్నా, నువ్వేమన్నా సముద్రం కాడికి వచ్చినావా?” అంది లక్ష్మక్క అవతల నుంచి.

“నేను రాలేదు. అదే ఈడికి వచ్చినాది. నువ్వు కూడా రా.”

నీళ్లుంటే చేపలుంటాయి, చేపలుంటే తనకు పనుంటుంది అనుకుని లక్ష్మక్క ఒక పెద్ద సంచిలో చీరలు సర్దుకుని వచ్చేసింది. షెడ్డుకు గుంతలు తవ్వింది పుల్లన్నే. రేకులు ఎక్కించిందీ ఆయనే. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, రెండు బల్లలు, చేతులు కడుక్కోవడానికి డ్రమ్ము, దాని మీద చెంబు. గోడలు లేవు. ఫ్యాను అవసరం లేదు, నీళ్ల మీది గాలి వద్దన్నా వస్తుంది. పొయ్యి వెనక పెద్ద ఇనప పెనం. దాని మీద కారం, పసుపు, నిమ్మరసం పట్టించిన చేప పడిందంటే ఆ వాసన కట్ట మీదుగా ఊర్లోకి నడిచిపోయేది.

మొదటి రోజు మొదటి పళ్లెం పుట్టింటి మగమనిషి తినాలని లక్ష్మక్క పట్టు పట్టింది. పుల్లన్న ఉతికిన పంచె కట్టుకుని ముందు బల్ల దగ్గర కూర్చున్నాడు. ఊరు ఊరంతా వచ్చింది. వాళ్లలో చాలామంది చేప ముఖం చూడడమే గానీ తిన్నవాళ్లు కారు. ఈ ఎండిన నేల మీద గొర్రె దొరుకుతుంది, కోడి దొరుకుతుంది, చేప ఎక్కడ దొరుకుతుంది?

సరిగ్గా అక్కడే లక్ష్మక్క పొరపాటు చేసింది. మంగళూరులో చేపను అన్నంతో తింటారు. అన్నమన్నాక నములుతారు. నమిలేవాళ్లకు ముల్లు దొరుకుతుంది. తన మనుషులకు అన్నమెందుకు, సంగటైతే సంతోషిస్తారని ప్రేమగా ముద్ద కెలికి, ఒకే పళ్లెంలో ముద్ద, పులుసు, పులుసులో చేప ముక్క పెట్టి అన్న ముందు ఉంచింది. పుల్లన్నకు తెలిసిన పద్ధతి ఒకటే. ముక్కను ఉండలో దోపాడు, పులుసులో ముంచాడు, మింగాడు. ఒకటి దిగింది. “బాగుండాది లక్ష్మీ” అన్నాడు. ఇంకోటి దిగింది. ఆ తర్వాతది సగం దారిలో ఆగిపోయింది.

ఇక చూడాలి ఆ గోల. ఒట్టి ముద్ద మింగితే ముల్లు జారిపోతుందని ఒకరు మింగించారు. అరటిపండని ఇంకొకరు పరుగెత్తారు. వీపు మీద గుద్దడానికి మాత్రం అందరూ ముందుకొచ్చారు. కళ్లనీళ్లు కారుతున్న పుల్లన్నను పక్కింటి కుళ్లాయప్ప తన బైకు మీద కూర్చోబెట్టుకుని రాయదుర్గం తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు పట్టుకారుతో ముల్లు లాగి, ఆయన అరచేతిలో పెట్టి, “నమిలి తినాల పెద్దాయనా” అన్నాడు. అరవై ఏళ్ల మనిషికి ఆ మాట చెప్పినవాడు ఆయనే మొదటివాడు.

సాయంత్రానికి తిరిగొస్తే హోటల్లో ఒక్క మనిషి లేడు. చేసిన పులుసు చేసినట్టే ఉంది. ఊర్లో మాత్రం ఒకటే మాట తిరుగుతోంది. పుల్లన్న గొంతులోనే దిగలేదంటే మన గొంతులో దిగుతాదా? న్యాయమైన ప్రశ్నే. ఏనాడూ దేనికీ అడ్డు చెప్పని గొంతు అది. అది అడ్డం తిరిగిందంటే తప్పు చేపదేనని ఊరు తీర్పు చెప్పేసింది.

ఆ రోజు నుంచి హోటల్లో ఈగలే గిరాకీ. లక్ష్మక్క అన్నను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. రోజూ ఒక గిన్నెలో ముక్కల్లేని పులుసు తెచ్చి వదిన సుశీలమ్మ చేతికిచ్చి, అన్న గొంతు ఎలా ఉందో అడిగి పోయేది. ఒకరోజు మాత్రం పోతూ పోతూ గడప దగ్గర ఆగింది.

“పున్నమి దాకా చూస్తానన్నా. మంగళూరోళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తాండారు. ఆడికే పోతా.”

మర్నాడు పుల్లన్న గొర్రెలను తోలుకుపోతూ షెడ్డు వైపు చూశాడు. మూలగుంజకు లక్ష్మక్క తెచ్చుకున్న పెద్ద సంచి వేలాడుతోంది. చీరలు సర్దేసి ఉన్నట్టుంది, ఉబ్బుగా ఉంది. మళ్లీ మిట్ట ఎక్కాలి. మళ్లీ ఫోనులో తింటివా అని అడగాలి. తన గొంతు చేసిన పనికి చెల్లెలు ఊరు విడిచి పోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు.

డ్యాములో చేపలు పట్టేది నారాయణ. బెస్తవాడు, పుల్లన్న కన్నా చిన్నవాడు. గంపలాంటి గుండ్రటి పుట్టిలో నీళ్ల మీద తిరిగి, మధ్యాహ్నానికి ఒడ్డుకొచ్చి, తుమ్మ కట్టెల మంట మీద ఒక చేప కాల్చుకుని తినడం అతని అలవాటు. ఆ రోజు పుల్లన్న గొర్రెలను గడ్డికి వదిలి పోయి అతని పక్కన చతికిలబడ్డాడు.

“నారాయణా, చేప తినేది నేర్పప్పా.”

నారాయణ నవ్వలేదు. అందుకు పుల్లన్నకు అతని మీద జీవితాంతం గౌరవం మిగిలిపోయింది. అతను ఒక జిలేబి చేపను ఆకు మీద పెట్టి ముందుకు తోశాడు.

“దీనికి ముండ్లు తక్కువ. దీంతో మొదలు పెట్టు. యేలితో మెల్లగా ఇప్పు. నడుమెముక వస్తాది, తీసేయ్. కండను కొంచెంగా నోట్లో పెట్టుకో. మింగొద్దు. నాలుకతో ఎతుకు.”

“దేన్ని ఎతికేది?”

“ముల్లునే. పోయిన గొర్రెను ఎతకవా? అట్లనే.”

పుల్లన్న కొంచెం నోట్లో పెట్టుకున్నాడు. గొంతు తన అలవాటు ప్రకారం తలుపు తెరిచింది. ఆయన బలవంతాన దాన్ని ఆపి, దవడ కదిలించాడు. ఒకసారి, ఇంకోసారి. ఉప్పు తగిలింది. కారం తగిలింది. కాలిన చర్మం కింద తెల్లటి కండ విచ్చుకుని, దానిలోంచి ఒక సన్నటి తీపి నోరంతా పాకింది. ఆయన నమలడం ఆపి నారాయణ వైపు చూశాడు. నిజం చెప్పాలంటే ఆయనకు కోపమొచ్చింది. ఇన్నేళ్లుగా ఎన్ని పొట్టేళ్లను, ఎన్ని కోళ్లను, ఎంత రుచిని నోటికి చూపించకుండా నేరుగా కడుపులోకి తోసేశాడో గుర్తొచ్చి, ఎవరి మీద చూపించాలో తెలియని కోపం.

“ఇంత రుచుంటాదని నాకు ఒక్కరన్నా చెప్పలేదు సూడు” అన్నాడు.

“నువ్వు మింగుతాంటే నోరెత్తి ఎవరు చెప్తారన్నా, అందరూ సూస్తా కూర్చుంటారు.”

ఆ రోజు నుంచి పుల్లన్న సాధన మొదలైంది. జేబులో చెనక్కాయలు పోసుకుని గొర్రెల వెనక నడుస్తూ నములుతూనే ఉండేవాడు. మధ్యాహ్నం నారాయణ దగ్గర చేప. ఉత్సాహం ఎక్కువై ఒక రాత్రి ఇంట్లో సంగటిని కూడా నమిలాడు. సుశీలమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

“ఏమప్పా, పంటి నొప్పా?”

“కాదు.”

“మల్ల ఏంటికి నములుతాండావు?” ఆమె దగ్గరికొచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. “జరం కూడా లేదే.”

“నేర్చుకుంటాండా.”

“మనవళ్లను ఆడించే వయసులో నమిలేది నేర్చుకుంటాండావు. ఇంక పాకేది ఎప్పుడు నేర్చుకుంటావు?”

సంగటి మాత్రం తన పంతం నెగ్గించుకుంది. పళ్లకు పట్టుకుని మర్నాటి దాకా వదల్లేదు. సంగటిని నమలకూడదన్న పెద్దల మాట సబబేనని పుల్లన్న ఒప్పుకున్నాడు. చేపను నమలాలి, సంగటిని మింగాలి. రెంటినీ ఒకేసారి నోట్లో పెట్టడమే తప్పు. ఇంత చిన్న సంగతి తట్టడానికి తనకు ఒక ముల్లు, ఒక డాక్టరు, ఒక బెస్తవాడు కావలసి వచ్చారని ఆయన తనలో తానే నవ్వుకున్నాడు.

పున్నమికి ముందు ఆదివారం వచ్చింది. నిండిన డ్యాము చూడ్డానికి రాయదుర్గం నుంచి, కల్యాణదుర్గం నుంచి, బళ్లారి వైపు నుంచి కూడా జనం బండ్లు కట్టుకుని వచ్చారు. కట్ట మీద నిలబడి ఫోటోలు తీసుకున్నారు, మొక్కజొన్న కంకులు తిన్నారు, చేప వాసన పీల్చుకుంటూ హోటల్ ముందు నుంచే నడిచిపోయారు. ఎవరైనా ఆగబోతే ఊరివాళ్లు ఉండబట్టలేక ముల్లు కథ చెప్పి పంపేస్తున్నారు.

పుల్లన్న గొర్రెలను భార్యకు అప్పగించి, ఆ ఉతికిన పంచే మళ్లీ కట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. నేరుగా పోయి ముందు బల్ల దగ్గర, అదే చోట కూర్చున్నాడు. పొయ్యి దగ్గరున్న లక్ష్మక్క చెయ్యి ఆగింది.

“పులుసు పోస్తానన్నా. ముక్క మాత్రం వద్దు.”

“ముక్కే కావాల. దాన్ని ఏరే పళ్లెంలో పెట్టు. ముద్ద ఇప్పుడే తేవద్దు. నేను అడిగినప్పుడు తే.”

“వద్దన్నా, నా మాటిను.”

“పెట్టు లక్ష్మీ.”

పుల్లన్న మళ్లీ చేప తింటున్నాడన్న కబురు కట్ట పొడవునా పాకింది. కంకులు తింటున్నవాళ్లు కంకులతోనే వచ్చారు. అరుగుల మీది ముసలివాళ్లు కట్టెలు పట్టుకుని వచ్చారు. కుళ్లాయప్ప తన బైకును షెడ్డు పక్కనే రాయదుర్గం వైపు తిప్పి, స్టార్టు చేసి పెట్టుకున్నాడు.

“పెట్రోలు దండగ, ఆపేయ్ కుళ్లాయప్పా” అన్నాడు పుల్లన్న.

“ఉండనీలే, యాడ అవసరం పడుతాదో” అన్నాడు కుళ్లాయప్ప. ఆపలేదు.

లక్ష్మక్క పళ్లెం తెచ్చి పెట్టింది. పెనం మీద ఎర్రగా వేగిన చేప, అంచుల్లో కరకరలాడుతూ, పక్కన ఉల్లిపాయ చక్రాలు, నిమ్మ ముక్క. ఆమె పళ్లెం అంచు వెంటనే వదల్లేదు. పుల్లన్నకూ భయంగానే ఉంది. గొంతులో ఆ రోజు తగిలిన చోట ఇంకా ఏదో ఉన్నట్టే అనిపించింది. వేలితో మెల్లగా విప్పాడు. నడుమెముక దువ్వెనలాగా లేచి వచ్చింది, పక్కన పెట్టాడు. ఒక తునక నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు.

పుల్లన్న నమలడం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. “నములుతాండాడు రోయ్” అని ఎవరో గుసగుసలాడారు. ఆయన తొందరపడలేదు. ఒక తునక, ఇంకో తునక. సగం చేప అయ్యాక ఒక్కసారిగా ఆయన దవడ ఆగింది. కళ్లు పైకి లేచాయి. లక్ష్మక్క గరిటె కింద పెట్టేసింది. కుళ్లాయప్ప బైకు ఎక్కి కూర్చున్నాడు.

పుల్లన్న నాలుక నోట్లో ఒక మూలకు పోయింది, ఇంకో మూలకు పోయింది. తర్వాత రెండు వేళ్లు పెదాల మధ్య పెట్టి వెంట్రుకంత సన్నటి ముల్లును బయటికి తీశాడు. అందరికీ కనబడేలా ఎండకు పట్టి చూపించి, పళ్లెం అంచున పెట్టి, మళ్లీ నమలడం మొదలుపెట్టాడు.

చేప అయిపోయింది. తల కూడా వదల్లేదు. తువ్వాలుతో మూతి తుడుచుకుని, “ఇప్పుడు తే ముద్ద” అన్నాడు. పొగలు కక్కే సంగటి, గిన్నెలో ఒట్టి పులుసు వచ్చాయి. ఇక అక్కడ ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కోడిగుడ్డును మించిన ఉండ తుంచి, గుంట చేసి, పులుసు నింపి, తల కొంచెం వెనక్కి వంచాడు. గుటుక్కుమంది. పాత పుల్లన్న తిరిగొచ్చాడని జనం ఈలలు వేశారు. ముద్ద ఖాళీ అయ్యే దాకా ఆయన ఎవరినీ చూడలేదు.

చివరికి తలెత్తి, “ముందు ముక్క, దాన్ని నమలాల. తర్వాత ముద్ద, దాన్ని మింగాల. ఇంతే కథ” అన్నాడు. చెల్లెలి వైపు తిరిగి, “ఇంకో చేప ఎయ్యమ్మా. మొదటిది భయంతోనే తిన్నా, ఇది సరిగ్గా తినాల” అన్నాడు.

బళ్లారి నుంచి వచ్చిన ఒకాయన ముందుగా కుర్చీ లాక్కున్నాడు. తమకూ అదే, అదే వరసలో పెట్టమని కన్నడంలో అడిగాడు. ఆయన వెనక పెళ్లాం, అత్తగారు కూర్చున్నారు. ఆ తర్వాత ఊరివాళ్లు ఆగితే ఒట్టు. కుర్చీలు చాలక కట్ట రాళ్ల మీద కూర్చున్నారు. పళ్లేలు చాలక కొందరు ఇళ్లకు పరుగెత్తి తెచ్చుకున్నారు. పుల్లన్న వాళ్ల మధ్య తిరుగుతూ, “నమలు, నమలు, గొర్రె నెమరేసినట్ల నమలు, ఎవరూ తరమడం లేదు నిన్ను” అని ఒక్కొక్కరికీ చెబుతున్నాడు. ఆయన నమలడం గురించి పాఠం చెబుతుంటే, గొర్రెలను కట్ట కిందికి తోలుకొచ్చిన సుశీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నారాయణ మళ్లీ పుట్టి ఎక్కి నీళ్లలోకి పోయాడు. గాలి వీస్తోంది, పెనం సుయ్‌మంటోంది, ఎవరి వేళ్లు వాళ్లు నాకుతున్నారు. పుల్లన్నకు తన పెళ్లి రోజున కూడా ఇంత సంతోషం కలగలేదు. ఆ మాట సుశీలమ్మకు మాత్రం చెప్పలేదు.

పొద్దు వాలకముందే సంగటి గిన్నె అడుగు కనబడింది. లక్ష్మక్క పిండి డబ్బా వంచి చూసింది. అటూ ఇటూ చూసి, మూలగుంజ దగ్గరికి పోయి, వేలాడుతున్న సంచిని దించింది. పుల్లన్న రెండడుగులు అటువైపు వేశాడు. ఆమె సంచి తెరిచి, చీరలన్నీ తీసి, పెట్టె మీద దొంతరగా పెట్టింది. సంచిని తిరగేసి బాగా విదిలించి, తెచ్చి అన్న చేతిలో పెట్టింది.

“రాగిపిండి అయిపాయన్నా. దీన్నిండా ఏయించుకోని రా.”

పుల్లన్న సంచిని చూశాడు, చెల్లెలిని చూశాడు. “ఈ సంచిలోనా?” అన్నాడు. గొంతులో మళ్లీ ఏదో అడ్డం పడింది. ఈసారి ముల్లు కాదు.

“పెద్దది ఇదొక్కటే ఉండాది. ఇంక దీనికి ఏరే పనేముండాది?” అని ఆమె పెనం వైపు తిరిగిపోయింది.

పుల్లన్న సంచిని భుజాన వేసుకుని బయటికొచ్చాడు. కుళ్లాయప్ప చేప పళ్లెం పక్కన పెట్టి, గబగబా చెయ్యి కడుక్కుని, ఆయన ముఖం చూసి కంగారుగా బైకు ఎక్కాడు.

“ఏమాయ పుల్లన్నా, మల్ల ఆస్పత్రికేనా?”

“కాదప్పా, మిల్లుకు పోనీ” అన్నాడు పుల్లన్న వెనక కూర్చుంటూ. “బిరీన పోనీ. జనం ముక్కలు తినేసి కూర్చోనుండారు, ముద్ద రావాల.”